తీర్పు మిగిలి మాట పోతే: పాత న్యాయస్థాన దస్త్రాల పరిరక్షణ – సాహిత్య విమర్శ దృష్టి

ప్రస్తావన

గెలిచినవాడు ఇంటికి పోయి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని తెలుగునాట ఒక సామెత ఉంది. వ్యాజ్యం ఇరుపక్షాలనూ కుంగదీస్తుందని చెప్పడం దాని ఉద్దేశం. అయితే ఆ ఇద్దరి ఏడుపులోనూ కొంత భాగం కాగితం మీదికి ఎక్కింది. అర్జీగా, జవాబుగా, సాక్షి వాంగ్మూలంగా, అమీనా నివేదికగా, రాజీనామాగా మునసబు కోర్టుల్లోనూ జిల్లా కోర్టుల్లోనూ తాలూకా కచేరీల్లోనూ శతాబ్దానికి పైగా పోగుపడింది. చదువురాని రైతు, విధవ, పాలేరు, వేశ్య, చిల్లర వ్యాపారి మాట్లాడిన మాట ఏదో ఒక రూపంలో లిఖితమైన చోట్లు మన గతంలో తక్కువ. ఆ తక్కువలో న్యాయస్థానం ఒకటి.

ఈ కాగితాలను కాపాడడం చరిత్రకారుల పని అనీ, సాహిత్య విద్యార్థికి అక్కడ పని లేదనీ మన శాఖల్లో ఒక అభిప్రాయం స్థిరపడింది. ఈ వ్యాసం దానిని పునఃపరిశీలిస్తుంది. ఇందులో ప్రతిపాదించదలచినవి మూడు. ఒకటి, న్యాయస్థాన దస్త్రం సమాచారాన్ని నింపిన సంచి కాదు. నియమబద్ధమైన కథన రూపం. రెండు, ఆ రూపాన్ని చదివే పద్ధతిని 'కన్యాశుల్కం' మొదలైన తెలుగు రచనలే మనకు నేర్పుతున్నాయి. మూడు, దస్త్రాలను భద్రపరిచే స్వచ్ఛంద కార్యకర్త ఏ కాగితాన్ని ఉంచాలో, దేనిని ఏ పేరుతో సూచికలో చేర్చాలో నిర్ణయించేటప్పుడు పాఠ పరిష్కర్త పనే చేస్తున్నాడు. కనుక ఆ పనిలో సాహిత్య విమర్శకు బాధ్యత ఉంది.

వాంగ్మూలం: ప్రశ్న లేని జవాబు

సాక్షి చెప్పింది చెప్పినట్టుగా వాంగ్మూలంలో ఉంటుందని సామాన్యంగా అనుకుంటాం. చట్టం దీనికి భిన్నమైన పద్ధతిని నిర్దేశించింది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 18వ ఆర్డరులోని 5వ నియమం ప్రకారం సాక్ష్యాన్ని సాధారణంగా ప్రశ్న, జవాబు రూపంలో కాక కథన రూపంలో రాసుకోవాలి. ముగిసిన తరువాత సాక్షికి చదివి వినిపించాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ కూడా సెషన్సు విచారణల్లో సాక్ష్యం మామూలుగా కథన రూపంలోనే ఉండాలన్నది.

సాహిత్య విద్యార్థి ఆగవలసిన చోటు ఇదే. వకీలు అడుగుతాడు, సాక్షి అవుననో కాదనో అంటాడు, న్యాయాధికారి ఆ రెంటినీ కలిపి ఉత్తమ పురుషలో ఒక వాక్యం చేస్తాడు. 'ఆ రోజు రాత్రి నువ్వు పొలానికి వెళ్లలేదు కదా?' అన్న ప్రశ్నకు సాక్షి తల అడ్డంగా ఊపితే, కాగితం మీద 'ఆ రోజు రాత్రి నేను పొలానికి వెళ్లలేదు' అని పడుతుంది. అడిగినవాడు అదృశ్యమై, చెప్పినవాడు తనంత తాను కథ చెబుతున్నట్టు కనిపిస్తాడు. వాక్యంలోని 'నేను' సాక్షిది; ఆ వాక్యానికి ఎత్తుగడ వకీలుది; మాటల కూర్పు న్యాయాధికారిది; దస్తూరి గుమాస్తాది. చివర 'చదివి వినిపించగా సరి అని ఒప్పుకున్నాడు' అన్న ముక్తాయింపు, దాని కింద చేవ్రాలు గాని నిశాని గాని వేలిముద్ర గాని. నలుగురు కలిసి రచించిన పాఠానికి ఒక్కరే కర్తగా సంతకం చేసే సాహిత్య రూపం ఇది.

అదే ఆర్డరులో మరి రెండు అవకాశాలు ఉన్నాయి. ముఖ్యమనిపించిన ప్రశ్ననూ జవాబునూ యథాతథంగా రాసుకోవచ్చు. సాక్షి తీరును గురించి న్యాయాధికారి తన వ్యాఖ్యను నమోదు చేయవచ్చు. నాటక పరిభాషలో చెప్పాలంటే మొదటిది సంభాషణ, రెండోది రంగసూచన. అంటే కథనంగా మారిన వాంగ్మూలంలో అక్కడక్కడ అసలు నాటకం అవశేషంగా మిగిలి ఉంటుంది. ఆ అవశేషాలను ఆధారం చేసుకొని మిగతా ప్రశ్నలను ఊహించి చదవడం నేర్చుకోవాలి. ఇది పాఠ విమర్శే.

భాష సంగతి కూడా ఇలాంటిదే. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో సాక్షి తెలుగులో చెప్పినదాన్ని న్యాయాధికారి ఇంగ్లీషులో రాసుకోవడం మామూలు. నిజాం రాజ్యంలో న్యాయస్థాన భాష మొదట పారశీకం, పందొమ్మిదో శతాబ్ది చివరి భాగం నుంచి ఉర్దూ. పాలమూరు రైతు తెలుగులో చెప్పిన మాట ఉర్దూ లిపిలో కథగా మారింది. మధ్యలో ఉన్న దుబాసీ పేరు కాగితం మీద ఉండకపోవచ్చు గాని ఆయన నుడికారం ఉంటుంది. తెలుగు మాట ఎక్కడైనా అనువాదానికి లొంగక అలాగే మిగిలిపోతే, తిట్టు, పొలం పేరు, కొలత, బంధుత్వ వాచకం, అక్కడ మనకు సాక్షి గొంతు నేరుగా వినిపిస్తుంది.

న్యాయస్థాన భాషను మొదట గంభీరంగా పట్టించుకున్నవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. రాజమండ్రి, మచిలీపట్నాల్లో న్యాయశాఖలో పనిచేసిన బ్రౌన్‌కు కావ్య తెలుగు ఒకటి, కచేరీ తెలుగు వేరొకటి అని అనుభవంలోకి వచ్చింది. 1852లో జిల్లా కోర్టుల పరిభాషకు ప్రత్యేకంగా 'జిల్లా నిఘంటువు'ను వెలువరించాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువును కూర్చాడు. వాయిదా, జప్తు, ఫిర్యాదు, ముద్దాయి, వకాల్తా, తనఖా వంటి మాటలకు పండితుల నిఘంటువుల్లో చోటు దొరకని కాలంలో ఈ పని జరిగింది. తరువాత గిడుగు రామమూర్తి పాత వచన నమూనాలను సేకరించి 1933లో 'గద్య చింతామణి'ని ప్రకటించారు. తెలుగు వచనానికి కావ్యేతరమైన దీర్ఘ చరిత్ర ఉందన్న వాదానికి అది బలమిచ్చింది. న్యాయస్థాన కాగితం ఆ చరిత్రలో ఒక పెద్ద అధ్యాయం. అది ఇంకా రాయవలసే ఉంది.

సెయింట్ లూయిస్ అనుభవం

దస్త్రాల పరిరక్షణ సాహిత్య పఠనాన్ని ఎలా మార్చగలదో చెప్పడానికి అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరం మంచి ఉదాహరణ. అక్కడి సర్క్యూట్ కోర్టు పాత దస్త్రాలను శుభ్రపరచి, వర్గీకరించే పనిని మిస్సోరీ రాష్ట్ర అభిలేఖాగారం విశ్వవిద్యాలయాల తోడ్పాటుతో చేపట్టింది. విద్యార్థులూ స్వచ్ఛంద కార్యకర్తలూ మడతలు పడిన కాగితాలను విప్పి, దుమ్ము దులిపి, చదును చేసి, ఆమ్లరహిత సంచికల్లో పెట్టి, పేర్లకు సూచికలు తయారుచేశారు. 1990ల చివర అక్కడ 301 స్వేచ్ఛా వ్యాజ్యాలు వెలుగు చూశాయి. బానిసలుగా ఉంచబడినవారు తాము స్వతంత్రులమని నిరూపించుకోవడానికి తెచ్చిన దావాలు అవి. 1846లో డ్రెడ్ స్కాట్, హారియట్ స్కాట్ దంపతులు తెచ్చిన దావాలు ఈ కోవలో ప్రసిద్ధమైనవి. మిగతా వందల దావాలు మామూలు అప్పుల తగాదాలు, ఆస్తి తగాదాల కట్టల మధ్య ఉండిపోయాయి.

మనకు ప్రధానమైనది లూసీ డిలేనీ కథ. ఆమె తల్లి పాలీ 1839లో తన స్వేచ్ఛ కోసం దావా వేసి 1843లో గెలిచింది. కూతురి కోసం 1842లో మరో దావా పడింది. లూసీ సుమారు 17 నెలలు జైలులో ఉండి 1844 ఫిబ్రవరిలో విడుదల పొందింది. దాదాపు అర్ధశతాబ్దం తరువాత, 1891 ప్రాంతంలో, ఆమె తన కథను పుస్తకంగా రాసింది. తల్లీకూతుళ్ల దావా కాగితాలు బయటపడ్డాక ఒకే అనుభవానికి రెండు పాఠాలు మన ముందు నిలిచాయి.

ఆ రెండూ ఒకేలా లేవు. కోర్టు కాగితాల్లో తల్లి పేరు పాలీ వాష్. స్మృతిగ్రంథంలో ఇంటిపేరు అది కాదు. కూతురి పుస్తకంలో తల్లి పుట్టుకతోనే స్వతంత్రురాలు, ఎవరో ఎత్తుకుపోయి అమ్మేశారు. దావాలో ఆధారం వేరు: యజమాని ఆమెను బానిసత్వాన్ని నిషేధించిన ఇల్లినాయ్‌కి తీసుకుపోయి అక్కడ పని చేయించుకున్నాడు కనుక ఆమె స్వతంత్రురాలైంది. మిస్సోరీ న్యాయస్థానాలు ఆనాడు అంగీకరించిన వాదం అది. ఏది నిజమన్నది చరిత్రకారుడి ప్రశ్న. ఏ కథ ఏ వేదికపై చెల్లుతుందన్నది విమర్శకుడి ప్రశ్న. న్యాయాధికారి ముందు నివాసం చెల్లింది. పాఠకుల ముందు పుట్టుక చెల్లింది. ఒకరి దయతోనో సాంకేతిక కారణంతోనో వచ్చిన స్వేచ్ఛ కాదు, అసలు ఏనాడూ పోగొట్టుకోని స్వేచ్ఛ అని కూతురు చెప్పుకోదలచింది. దావా కాగితం దొరకకపోతే స్మృతిగ్రంథంలోని ఈ ఎంపిక మనకు ఎంపికగా కనిపించేదే కాదు.

ఈ దావాల్లో మరో మెలకువ ఉంది. వాటిని దౌర్జన్యం, అక్రమ నిర్బంధం అన్న అభియోగాల రూపంలో నడపాలి. అందువల్ల ప్రతివాది వాదిని కొట్టాడు, బంధించాడు అన్న వాక్యం దావా దావాకూ ఆవృత్తమవుతుంది. అది కొన్నిచోట్ల జరిగిన ఘటన, కొన్నిచోట్ల దావా నిలబడడానికి కావలసిన సూత్రవాక్యం. ఏది ఏదో తెలియాలంటే ఒక్క దస్త్రం చాలదు, పక్కపక్కన పెట్టి చూడడానికి వందలు కావాలి. స్వచ్ఛంద పరిరక్షణ చేసిన మేలు ఇదే. అరుదైన ఒక్క కాగితాన్ని అద్దాల పెట్టెలో పెట్టడం కంటే మామూలు కాగితాలన్నింటినీ వరుసగా నిలపడం వల్ల రూపం తెలిసింది. శతకాలు వంద చదివినవాడికే మకుటం ఏదో, కవి సొంత గొంతు ఏదో తెలుస్తుంది. ఇదీ అంతే.

మన దేశంలో దీనికి సమాంతరంగా రణజిత్ గుహ 1987లో ప్రకటించిన 'చంద్రాస్ డెత్' వ్యాసాన్ని చెప్పుకోవాలి. 1849లో బీర్భూం ప్రాంతంలో గర్భస్రావానికి మందు తిని మరణించిన చంద్ర అనే బాగ్దీ స్త్రీకి సంబంధించిన కొన్ని వాంగ్మూలాలే ఆయన చేతిలో ఉన్నది. దావా ఏమైందో, తీర్పు ఏమిటో లేదు. ఆ శకలం నిలిచింది న్యాయస్థానంలో కాదు; బెంగాలీ ఉత్తరాలను, కాగితాలను భాషాభిమానంతో కూర్చి విశ్వభారతి ప్రచురించిన సంకలనంలో. నేరంగా మాత్రమే చట్టం గుర్తించినదాన్ని ఆడవాళ్లు ఒకరికొకరు నిలబడిన కథగా గుహ చదవగలిగాడంటే, తీర్పు పోయినా మాట మిగలడమే కారణం.

కన్యాశుల్కం: దస్త్రాన్ని చదవడం నేర్పిన నాటకం

తెలుగులో ఈ చదువుకు పాఠ్యగ్రంథం కావలసింది 'కన్యాశుల్కం'. ఆ నాటకం వెనుకే ఒక దస్త్రం ఉంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాలకు విజయనగరం మహారాజు జాబితా తయారు చేయించారని గురజాడ తొలి పీఠికలో తెలిపారు. నమోదైనవి 1034 పెళ్లిళ్లు. ఐదేళ్ల వయసు పిల్లలకు 99, నాలుగేళ్లకు 44, మూడేళ్లకు 36, రెండేళ్లకు 6, ఏడాది వయసుకు 3. ఆ పసికందుల వెల 350 నుంచి 400 రూపాయలు. జాబితాలో అంకెలు ఉన్నాయి, వయసులు ఉన్నాయి, వెలలు ఉన్నాయి. గొంతు లేదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1909లో విస్తృత రూపంలో ప్రచురితమైన నాటకం ఆ జాబితా చెప్పలేనిదాన్ని చెప్పింది. గురజాడ శాసన పరిశోధకుడు. విజయనగరం సంస్థాన వారసత్వ వ్యాజ్యానికి ఆధారాలు కూర్చిన పనిలోనూ పాలుపంచుకున్నవాడు. ఏ కాగితానికి ఎంత విలువో, అది ఎలా పుడుతుందో ఆయనకు తెలుసు.

నాటకం నిండా వ్యాజ్యమే. అగ్నిహోత్రావధాన్లు దావాల పిచ్చివాడు. రామప్పంతులు బతుకంతా కాగితాల చుట్టూ తిరిగేది. హెడ్డు కానిస్టేబు, వకీళ్లు, డిప్యూటీ కలెక్టరు కచేరీ, అన్నీ రంగం మీదికి వస్తాయి. ఇవి హాస్యం కోసమో, నాటి న్యాయవ్యవస్థను ఎద్దేవా చేయడానికో వచ్చాయని విమర్శకులు చెబుతూ వచ్చారు. కందుకూరి వీరేశలింగం 1880 నాటి 'వ్యవహార ధర్మబోధిని'లో వకీళ్ల మీద చేసిన ఆక్షేపానికి ఇది కొనసాగింపన్నమాట నిజమే. కాని గురజాడ అంతకంటే ఒక అడుగు ముందుకు వేశారు.

లుబ్ధావధాన్లు మీద మోపబడిన హత్య అభియోగాన్ని చూడండి. చంపబడినదని అనుకుంటున్న పెళ్లికూతురు అసలు లేదు. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లి జరిపించాడు. వేషం విప్పి కుర్రవాడు వెళ్లిపోయాడు. మనిషే లేని చోట హత్య కేసు పుట్టింది. సాక్షులు తయారవుతున్నారు, పోలీసులు కదులుతున్నారు, వకీళ్లు వాదనలు వెతుకుతున్నారు. ఈ కేసు దస్త్రం ఒకటి నిజంగా ఉండి, విశాఖపట్నం కోర్టు రికార్డు గదిలో చెదలు తినకుండా మన చేతికి వచ్చిందనుకుందాం. అందులో ఒక బాలవధువు పేరుంటుంది, ఆమె హత్యను గురించి ప్రమాణపూర్వకమైన వాంగ్మూలాలుంటాయి, ముద్దాయిగా ఒక ముసలి బ్రాహ్మడు ఉంటాడు. రూపరీత్యా ఆ దస్త్రంలో లోపం ఏమీ ఉండదు. దానినే నమ్మిన పరిశోధకుడు లేని పిల్ల చావును లెక్కల్లో చేరుస్తాడు.

నిజం ఎక్కడ బయటపడింది? కచేరీలో కాదు. రాత్రిపూట, సౌజన్యారావు పంతులు ఇంట్లో, మగవేషంలో వచ్చిన మధురవాణి నోట. సాక్షిగా పిలిస్తే నాటి సభ్యసమాజం పెదవి విరిచే వేశ్య నోట, ప్రమాణం లేకుండా, గుమాస్తా లేకుండా. ఆ మాట ఏ దస్త్రంలోనూ నమోదు కాదు. ఆడపిల్ల వేషంలో ఉన్న మగపిల్లవాడితో పుట్టిన అబద్ధాన్ని, మగవేషంలో ఉన్న ఆడది తీర్చింది. నిర్మాణంలో ఉన్న ఈ సమతూకం చమత్కారం కోసం మాత్రమే పెట్టినది కాదు. చట్టం ముందు ఎవరి మాట ఏ వేషంలో చెల్లుతుందన్న ప్రశ్నను నాటకం రెండు చివర్ల నుంచీ అడుగుతోంది.

ఇక్కడే ఒక ఆక్షేపణ రావడం సహజం. గురజాడే దస్త్రం అబద్ధమాడుతుందని చూపిస్తే, అబద్ధాల కట్టలను భద్రపరచడం దేనికి? ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. దొంగసాక్ష్యం మన కోర్టుల కథలో చిన్న విషయం కాదు. అయితే అబద్ధం కూడా నమ్మదగినదిగా ఉండాలి. లేకపోతే దానిని ఎవరూ కోర్టుకు తీసుకుపోరు. ముసలి మొగుడు బాలవధువును బావిలోకి తోశాడంటే ఊరు నమ్ముతుంది, పోలీసు నమ్ముతాడు, మొదట్లో సౌజన్యారావు పంతులంతటి వాడికీ అది తోసిపుచ్చదగిన మాటగా తోచదు. ఆ నమ్మకమే నాటి సమాజాన్ని గురించిన సాక్ష్యం. నటాలీ జెమన్ డేవిస్ 1987లో పదహారో శతాబ్ది ఫ్రాన్సు క్షమాభిక్ష అర్జీలను ఇలాగే చదివింది. జనం తమ నేరాన్ని ఎటువంటి కథగా మలిచి చెప్పుకున్నారన్నదే ఆమె ప్రశ్న. దస్త్రం నిజం చెబుతుందని కాక, ఏది నిజంగా చెల్లిందో చెబుతుందని గుర్తిస్తే అబద్ధం కూడా ఆకరమే అవుతుంది.

ఈ చూపు తరువాతి రచయితల్లోనూ కొనసాగింది. రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధం కేసుల లోకాన్ని చూపించినప్పుడు ఆయన చేసిన ప్రధానమైన పని, వాంగ్మూలంలో పట్టని మాటను తిరిగి పలికించడం. 'మాయ'లో ముత్యాలమ్మ యువ వకీలుతో మాట్లాడే మాటలు కోర్టు కాగితానికి పనికిరావు; కేసుకు సంబంధం లేనివిగా కొట్టుబడతాయి. కథకు అవే ప్రాణం. కాళీపట్నం రామారావు 'యజ్ఞం'లో తగువు కోర్టుకు పోదు, ధర్మమండపం ముందుకు వస్తుంది. అప్పు పత్రం ఒక కథ చెబుతుంది, అప్పల్రాముడి బతుకు మరో కథ చెబుతుంది. పత్రానికీ బతుకుకూ మధ్య ఉన్న దూరమే ఆ కథ వైశాల్యం. ఈ రచయితలు దస్త్రం వదిలేసిన చోటునే తమ రచనకు తావు చేసుకున్నారు. దస్త్రాలే లేకపోతే వారు ఏమి పూరించారో మనం కొలవలేం.

దేన్ని ఉంచుతున్నాం, దేన్ని తీసేస్తున్నాం

1917 నాటి దస్త్రాల నాశన చట్టం పాత న్యాయస్థాన కాగితాల తొలగింపుకు నియమాలు చేసే అధికారాన్ని హైకోర్టులకు కల్పించింది. గదులు చాలవు, కాగితం పెరుగుతుంది, తొలగింపు తప్పదు. ఆక్షేపించవలసింది తొలగింపును కాదు, దాని వెనుక ఉన్న విలువల క్రమాన్ని. తీర్పు, డిక్రీ వంటివి శాశ్వతంగా ఉంచదగినవి. సాక్ష్యాలు, అర్జీలు, సమన్లు గడువు తీరాక తీసేయదగినవి. హక్కుల దృష్టితో ఈ విభజన సమంజసమే. భూమి ఎవరిదో చెప్పేది డిక్రీ. కాని భాష, బతుకు, కథ ఉన్నది తొలగించే భాగంలో. రాజ్యం తీర్పును ఉంచుకొని మాటను పారేస్తుంది. సాహిత్యానికి కావలసింది మాట.

పరిశోధన పనిమీద ఒక జిల్లా కోర్టు రికార్డు గదికి వెళ్లినప్పుడు ఈ వ్యాసకర్తకు ఇది కళ్లకు కట్టింది. బీరువాల్లో తీర్పుల సంపుటాలు వరుసగా ఉన్నాయి. వాటికి ఆధారమైన కట్టలు కావాలని అడిగితే, అవి గడువు తీరి ఎప్పుడో పోయాయన్నారు. ఒక తీర్పులో '3వ సాక్షి మాట నమ్మదగినది కాదు' అన్న వాక్యం ఉంది. ఆ సాక్షి ఒక స్త్రీ అని తెలుస్తోంది. ఏమన్నదో తెలియదు. నమ్మదగనిదన్న మాట మాత్రం శాశ్వతంగా భద్రంగా ఉంది.

తెలుగునాట స్వచ్ఛంద పరిరక్షణకు గొప్ప వారసత్వమే ఉంది. 1901లో హైదరాబాదులో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1911 నాటి ఆంధ్ర సాహిత్య పరిషత్తు, 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం, రాజమండ్రిలో 1922 నాటి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి, కొమర్రాజు పేరిట నడిచి 1935లో 'తెలంగాణా శాసనములు' వెలువరించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి, అన్నీ ఉద్యోగం కాని శ్రమతో నిలిచినవే. 1997లో శ్రీకాకుళంలో కారా మాస్టారు స్థాపించిన కథానిలయం ఆ వరుసలో మన కాలానిది. శాసనం, తాళపత్రం, పత్రిక, కథ, ఒక్కొక్క తరం ఒక్కొక్కదానిని తెలుగు వాఙ్మయంగా గుర్తించి కాపాడింది. గుర్తింపు ముందు, పరిరక్షణ తరువాత. కోర్టు కట్ట ఈ వరుసలో చేరకపోవడానికి కారణం చెదలో, గదుల కొరతో కాదు. దానిని వాఙ్మయంగా మనం గుర్తించకపోవడం.

సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాలను సాంఘిక సాక్ష్యాలుగా చదివి మార్గం చూపారు. రాజుల తేదీలకు బదులు జనుల ఆటలు, తిండి, నగలు, నమ్మకాలు కావ్యాల్లోంచి ఏరి తెచ్చారు. ఇప్పుడు చేయవలసింది దానికి రెండో సగం: సాక్ష్యాలను రచనలుగా చదవడం.

2023 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం 7,210 కోట్ల రూపాయలతో ఆమోదించిన ఈ-కోర్టుల మూడో దశలో పాత దస్త్రాల డిజిటలీకరణ కూడా ఉంది. ఇది స్వాగతించదగినది. అయితే ఛాయాచిత్రం పాఠం కాదు. గొలుసుకట్టు రాతను, ఉర్దూ శికస్తాను, మధ్యలో వచ్చే ఊరి మాటను చదివి ఎత్తిరాసేవారు లేకపోతే అది తెరమీద కనిపించే మరో మూసిన కట్ట. కేసు నంబరు, వాది, ప్రతివాది పేర్లతో మాత్రమే సూచిక తయారైతే సాక్షి, దుబాసీ, పత్రం రాసినవాడు, నిశాని పెట్టిన స్త్రీ మళ్లీ కనిపించకుండా పోతారు. సెయింట్ లూయిస్‌లో పేర్లన్నింటినీ ఎత్తి రాసిన చేతులు ఎవరివో గుర్తు చేసుకోవాలి.

అందుచేత తెలుగు శాఖలు చేయగల పని స్పష్టంగానే ఉంది. హైకోర్టు అనుమతితో, గడువు తీరి తొలగింపుకు వచ్చిన కట్టల్లోంచి ప్రతి దశాబ్దానికీ కొన్నింటిని సంపూర్ణంగా, అంటే తీర్పుతో పాటు సాక్ష్యాలతో సహా నిలుపుకోవాలి. ప్రసిద్ధుల కేసులను ఏరడం కాక మామూలు కేసులనే వరుసగా ఉంచాలి. ఎత్తిరాసేటప్పుడు అక్షరదోషాన్ని దిద్దరాదు. కొట్టివేతను కొట్టివేతగానే చూపాలి. చేతిరాత మారిన చోటును గుర్తించాలి. తెలంగాణ జిల్లాలకు ఉర్దూ శాఖల తోడు తప్పనిసరి. మానభంగం, పిల్లలు, కులదూషణ వంటి విషయాలున్న దస్త్రాల్లో పేర్లను కప్పి ఉంచే నియమం ముందే చేసుకోవాలి. ఆ కుటుంబాలు ఆ ఊళ్లలోనే ఉన్నాయి. పరిశోధన పేరుతో పాత అవమానాన్ని మళ్లీ వాకిట్లోకి తేవడానికి మనకు హక్కు లేదు.

ముగింపు

వాంగ్మూలం నలుగురి రచన అనీ, దానిలోని ప్రశ్నను తిరిగి వినడం విమర్శ పని అనీ, ఆ చదువుకు గురజాడ నుంచి రావిశాస్త్రి దాకా మన రచయితలే గురువులనీ ఈ వ్యాసం చెప్పజూసింది. దస్త్రం లేకుండా సాహిత్యం ఏమి పూరించిందో తెలియదు. సాహిత్యం లేకుండా దస్త్రం ఏమి దాచిందో తెలియదు. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే నిర్ణయం సాధ్యం.

ఆ రికార్డు గదిలోని 3వ సాక్షి మాట ఇక దొరకదు. ఇంకా గడువు తీరని కట్టల్లో ఆమె వంటివారు ఎందరో ఉన్నారు. వారి మాట నమ్మదగినదా కాదా అన్నది న్యాయాధికారి ఒకసారి తేల్చారు. వినదగినదా కాదా అన్నది తేల్చవలసినది ఇప్పుడు మనం.